మస్తాన్ వలీకి పడిన నలభై నాలుగు ఓట్లు

మస్తాన్ వలీ అన్న రెండుసార్లు ఆంధ్రప్రదేశ్ శాసనసభకు పోటీ చేశాడు. ఒకసారి జిద్దాలో మా పిల్లలు చదివే ఇండియన్ స్కూలు కమిటీకి పోటీ చేశాడు. మూడుసార్లూ ఓడిపోయాడు. మొదటి రెండు ఓటములతో నాకేమీ సంబంధం లేదు. మూడోది మాత్రం నేను దగ్గరుండి చేయించిన పని.

నా పేరు ఫయాజ్. మాది కడప. జిద్దాలో ఒక మెయింటెనెన్స్ కంపెనీ ఆఫీసులో పని చేస్తాను. అరబ్బీ రాయడం, చదవడం వచ్చు కాబట్టి కాగితాల తర్జుమా నా వంతు. వలీ అన్న అదే కంపెనీలో ఏసీ టెక్నీషియన్‌గా చేరి, పదేళ్లకు సూపర్‌వైజర్ అయ్యాడు. రాయచోటి వైపు పల్లె. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడే దూదేకుల కుటుంబం. ఆయన ఉర్దూ మాట్లాడితే హైదరాబాదు వాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వేవాళ్లు. ఆ సంగతి ఆయనకు తెలుసో లేదో, మాట్లాడడం మాత్రం మానలేదు.

ఆయన ఎన్నికల్లోకి దిగడానికి కారణం వాళ్ల అన్న ఖాదర్. ఖాదర్ తబూక్ దగ్గర ఒక తోటలో పని చేస్తూ గుండె ఆగి చనిపోయాడు. శవం ఊరు చేరడానికి నలభై ఏడు రోజులు పట్టింది. ఆ నలభై ఏడు రోజులూ వాళ్ల నాయన ఎమ్మెల్యే ఇంటి ముందుకు పోయి కూర్చునేవాడు. ఎమ్మెల్యే ఒక్కసారి కారు అద్దం దించి, "సౌదీనా? అది మన చేతిలో లేదు పెద్దాయనా" అన్నాడట.

"మన చేతిలో లేదని అసెంబ్లీలో అయినా చెప్పొచ్చు గదా. అది గూడా చెప్పలేదు," అనేవాడు వలీ అన్న.

అందుకని 2014లో సెలవు పెట్టి వెళ్లి స్వతంత్ర అభ్యర్థిగా నామినేషన్ వేశాడు. కుట్టు మిషన్ గుర్తు ఇచ్చారు. ఆరు వందల పదకొండు ఓట్లు వచ్చాయి. 2019లో మళ్లీ వెళ్లాడు. ఈసారి ప్రెషర్ కుక్కర్ గుర్తు. పోలింగ్ అయిపోయింది, కౌంటింగుకు ఇంకా నెలపైన ఉండగానే సెలవు అయిపోయింది. లెక్కింపు రోజు ఆయన ఒక ఆసుపత్రి మిద్దె మీద ఏసీ చిల్లర్ యంత్రాల మధ్య కూర్చుని ఫోన్‌లో చూస్తున్నాడు. రెండు వందల ఎనభై ఎనిమిది. నోటాకు అంతకు ఏడు రెట్లు పడ్డాయి. సొంత ఊరి బూత్‌లో తొమ్మిది వచ్చాయి. ఆయన ఇంట్లోనే పద్నాలుగు ఓట్లున్నాయి.

"మిగతా ఐదుగురు ఎవరన్నా?" అని మేము అడిగాం. అప్పటికే నవ్వు ఆపుకోలేకుండా ఉన్నాం.

"అడగొద్దప్పా. ఓటు రహస్యం గదా," అన్నాడు.

ఆ రోజు నుంచి కంపెనీలో ఆయన పేరు ఎమ్మెల్యే. బంగ్లాదేశీ కుర్రాళ్లు కూడా "ఎమ్మెల్యే సాబ్, స్పానర్ దీజియే" అనేవాళ్లు. ఆయన ఇచ్చేవాడు.

ఇక స్కూలు సంగతి. ఆయన కూతురు సల్మా తొమ్మిదో తరగతి. ఆడపిల్లల విభాగానికి వెళ్లే ఏడో నంబరు బస్సులో ఏసీ పని చేసేది కాదు. మే నెలలో ఒక పాప సొమ్మసిల్లి పడిపోయింది. సల్మా ఆ పాప తలను ఒళ్లో పెట్టుకుని ఇంటి దాకా తీసుకొచ్చింది. మరుసటి రోజు వలీ అన్న టూల్ బాక్సు పట్టుకుని స్కూలు గేటు దగ్గరికి వెళ్లాడు.

"గ్యాసు లీకయితాంది, ఫయాజ్. కండెన్సర్ కాడ చిన్న బొక్క. గంట పని. ఊరికే చేస్తానంటి. ఆడపిల్లల బస్సు కాడికి మొగోళ్లు రాకూడదన్నారు. సరే, బస్సునే నా కాడికి పంపండంటి. నువ్వెవరు అన్నారు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటా? ఒక బిడ్డ నాయన్ని అన్నా. అది చాలదంట."

అక్టోబర్‌లో కమిటీ ఎన్నికలు ప్రకటించారు. ఐదు సీట్లు. డిగ్రీ ఉన్న తల్లిదండ్రులు ఎవరైనా నిలబడవచ్చు. కుటుంబానికి ఒక ఓటు, అది ఒక్క పేరుకే వేయాలి. వలీ అన్నకు బీకామ్ ఉంది. అయినా ఆయన తనంతట తాను నిలబడేవాడు కాదేమో. నిలబెట్టింది ప్రభాకర్.

ప్రభాకర్ గుంటూరాయన. మా కంపెనీలోనే పెద్ద మేనేజర్, జిద్దా తెలుగు వాళ్ల సంఘానికి అధ్యక్షుడు. అజీజియాలో ఆయన ఫ్లాట్‌లో ప్రతి శుక్రవారం మాకు మధ్యాహ్న భోజనం. ఆ ఏడు ఆయన కూడా పోటీలో ఉన్నాడు. నలుగురి గెలుపు అప్పటికే ఖాయం. ఐదో సీటు ప్రభాకర్‌కా, హైదరాబాదు ఫారూఖ్‌కా అన్నదే తేలాలి.

నన్ను బాల్కనీలోకి పిలిచి చెప్పాడు. "మీ సీమ సాయిబులంతా ఫారూఖ్‌కే వేస్తారయ్యా. అందులో ఓ ముప్పై నలభై చీలితే చాలు. మీవాడు ఎమ్మెల్యే ఉన్నాడుగా, నిలబెట్టు. నువ్వు చెబితే వింటాడు."

"ఆయన మన మాట నమ్ముతాడన్నా."

"అందుకేగా చెబుతున్నది. నేను లోపలికెళ్లానంటే మీ చిన్నోడి ఎల్‌కేజీ సీటు నా బాధ్యత."

మా చిన్నవాడికి రెండేళ్లుగా సీటు రావడం లేదు. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోవడానికి ఎంతోసేపు ఆలోచించానని చెప్పుకోవాలని ఉంది కానీ, లోపల చేపల పులుసు చల్లారకముందే ఒప్పుకున్నాను.

భోజనాల దగ్గర ప్రభాకర్ లేచి నిలబడి, "వలీగారు కూడా నిలబడాలి. రెండుసార్లు అసెంబ్లీకి పోటీ చేసిన అనుభవం మనలో ఇంకెవరికుంది?" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వలీ అన్న చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. మా ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. అందరం గంభీరంగా తలలు ఊపాం.

"నిజంగా అంటాండారా?" అన్నాడు.

"నిజంగానే అన్నా," అన్నది నేనే.

కరపత్రం నేనే రాశాను. ఇంగ్లీషులో ఒక వైపు, ఉర్దూలో ఒక వైపు. "రెండుసార్లు రాష్ట్ర శాసనసభకు పోటీ చేసిన అనుభవశాలి" అని పైన పెద్ద అక్షరాలు. ప్రభాకర్ చూసి, "ఆ కుక్కర్ బొమ్మ కూడా వేయించు. గుర్తుండిపోతుంది," అన్నాడు. స్కూలు ఎన్నికల్లో గుర్తులు ఉండవు. అయినా వేయించాను. వలీ అన్న చూసి సంతోషపడ్డాడు. కాగితాన్ని నాలుగు మడతలు వేసి సౌదీలో ఉండడానికి అనుమతి అయిన ఇకామా కార్డు పెట్టుకునే పర్సులో దాచుకున్నాడు.

రెండు రోజుల్లో ఆ కరపత్రం తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులన్నిటికీ పాకింది. ఎవరో కుక్కర్‌కు ఆయన తలకాయ అతికించారు. ఇంకెవరో దానికి ఈల శబ్దం చేర్చారు. ఆ మొదటి బొమ్మ మా శుక్రవారం గుంపులోంచే బయటికి వెళ్లింది. చేసినవాడు నా పక్కనే కూర్చుని చేశాడు. మూత ఇంకొంచెం వంకరగా పెడితే బాగుంటుందని నేనే చెప్పాను.

పెద్దవాళ్ల ఫోన్లలోంచి అది పిల్లల్లోకి దిగింది. ఒక మధ్యాహ్నం వలీ అన్న భార్య సాబేరా వదిన మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నా, సల్మా మూడు దినాల నుంచి అన్నం డబ్బా తెరవకుండానే తెస్తాంది. ఏమని అడిగితే చెప్పల్య. నిన్న వాళ్ల క్లాసు పాప చెప్పింది. ఇది డబ్బా మూత తీస్తానే చుట్టూ ఆడపిల్లోళ్లంతా కుక్కర్ మాదిరి ఈలేస్తారంట. అన్నం ఉడికిందా అని అడుగుతారంట."

నేను మళ్లీ కుర్చీ ముందుకు జరిపాను.

"ఊర్లో రెండుసార్లు నవ్వినారు. పెద్దోళ్లు నవ్వినారు, పెద్దోళ్లం పడినాం. ఈడ బిడ్డ పడతాంది. ఆయప్ప నా మాట ఇనడు. నువ్వు చెప్తే ఇంటాడు. పేరు ఎనక్కి తీసుకోమని చెప్పన్నా."

"చెప్తాలే వదినా," అన్నాను.

మరుసటి రోజు నిజంగానే ఆయన దగ్గరికి వెళ్లాను. పనిలో ఉన్నాడు. చెమటతో చొక్కా వీపుకు అతుక్కుని ఉంది. నన్ను చూడగానే జేబులోంచి ఒక చిన్న నోట్‌బుక్ తీశాడు. షిఫ్టు అయ్యాక తిరిగిన ఇళ్ల జాబితా. నూటపన్నెండు ఇళ్లు. ఎవరి పాప ఏ బస్సులో వెళ్తుంది, ఏ క్లాసులో ఎన్ని ఫ్యాన్లు తిరగడం లేదు, తాగునీటి ఫిల్టర్ ఎప్పుడు మార్చారు అన్నీ ఉన్నాయి.

"అందరూ మంచిగా మాట్లాడతాండారు ఫయాజ్. టీ గూడా ఇచ్చినారు. కొందరు పిల్లోళ్లను పిలిచి నన్ను చూపించినారు." తర్వాత ఒక కాగితం చేతిలో పెట్టాడు. "అభ్యర్థులు మాట్లాడే రోజుకి ఇంగ్లీషులో రాసుకున్యా. తప్పులు దిద్దు."

నేను తప్పులు దిద్దాను. పేరు వెనక్కి తీసుకోమని చెప్పలేదు. చెబితే ఎందుకని అడిగేవాడు. ఆ 'ఎందుకు'కి నా దగ్గర ఉన్న జవాబు ఒకటే. మా చిన్నవాడి సీటు.

అభ్యర్థులందరికీ మూడేసి నిమిషాలు ఇచ్చారు. మగపిల్లల విభాగం హాలు నిండింది. ఫారూఖ్ చక్కటి ఉర్దూలో మాట్లాడాడు. ప్రభాకర్ తెర మీద బొమ్మలు చూపించాడు. వలీ అన్న కోటు వేసుకొచ్చాడు. మైకు ముందు నిలబడి "రెస్పెక్టెడ్ పేరెంట్స్" అన్నాడో లేదో వెనక వరసలోంచి ఒక ఈల వచ్చింది. సన్నగా మొదలై పెరిగి బుస్సుమని ఆగింది. హాలంతా గొల్లుమంది. ఎన్నికల అధికారి బల్ల మీద కొట్టాడు. తరువాత ఇంకో మూల నుంచి ఇంకొకటి.

వలీ అన్న నవ్వు తగ్గేదాకా ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "ఏడో నంబర్ బస్. కండెన్సర్ లీకేజ్. రిపేర్ టైమ్ వన్ అవర్..." మళ్లీ ఈల. ఆయన మళ్లీ ఆగాడు. మూడు నిమిషాల్లో రెండు నిమిషాలు అట్లా ఆగడానికే పోయాయి. గంట కొట్టారు. చివరి పేరా చదవకుండానే కాగితం మడిచి, "థాంక్యూ" అని దిగాడు.

నా పక్కకు వచ్చి కూర్చుని మెల్లగా అడిగాడు. "నా ఇంగ్లీషు అర్థమైందంటావా?"

"అయిందన్నా," అన్నాను.

శుక్రవారం పోలింగ్ జరిగింది. పద్నాలుగు వందల చిల్లర ఓట్లు పోలయ్యాయి. నేను ప్రభాకర్‌కు వేశాను. సాయంత్రానికి ఫలితం వచ్చింది. ప్రభాకర్ ఫారూఖ్ మీద ముప్పై ఒక్క ఓట్లతో గెలిచాడు. వలీ అన్నకు నలభై నాలుగు పడ్డాయి. ప్రభాకర్ లెక్క సరిగ్గా కుదిరింది.

బోర్డు మీద అంకె చూసి వలీ అన్న నాతో అన్న మాట ఇది. "ఊర్లో ఆరు నూర్ల మందికి ఒకడు ఏసినాడు. ఈడ నూటికి ముగ్గురు ఏసినారు. ఎక్కుతాండాం గదా."

గెలుపు విందు మరుసటి శుక్రవారం, ఊరి చివర అద్దెకు తీసుకున్న ఒక ఇస్తిరాహాలో. గోడలు, పచ్చిక, పిల్లలకు ఉయ్యాలలు, మధ్యలో షామియానా. వందమంది వచ్చారు. కుటుంబంతో రమ్మని వలీ అన్నను ప్రభాకర్ స్వయంగా పిలిచాడు. బిర్యానీ అయ్యాక మైకు తీసుకుని, "ప్రజాస్వామ్యంలో గెలిచినవాళ్లనే కాదు, ఓడినవాళ్లను కూడా గౌరవించాలి. వలీగారూ, రండి," అన్నాడు.

వలీ అన్న లుంగీ సర్దుకున్నట్టు ప్యాంటు సర్దుకుంటూ వెళ్లాడు. శాలువా కప్పారు. తర్వాత రంగు కాగితం చుట్టిన ఒక పెట్టె చేతిలో పెట్టారు. "విప్పండి, విప్పండి" అని అరిచారు. విప్పాడు. ఐదు లీటర్ల ప్రెషర్ కుక్కర్.

ఒక్కసారిగా వందమంది ఈలలు వేశారు. కొందరు ముందే తెచ్చుకున్న ప్లాస్టిక్ ఈలలు తీశారు. ఉయ్యాలల దగ్గర పిల్లలు కూడా అందుకున్నారు. నేనూ వేశాను. వేయకపోతే పక్కవాళ్లు చూస్తారనిపించింది.

వలీ అన్న కుక్కర్‌ను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ముఖంలో మొదట నవ్వే ఉంది. అది మెల్లగా బిగుసుకుంది. చూపు ఆడవాళ్లు కూర్చున్న వైపు వెళ్లింది. సల్మా కుర్చీ ఖాళీగా ఉంది. ఆ పిల్ల గేటు దగ్గర, పార్క్ చేసిన కార్ల మధ్య, గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. సాబేరా వదిన చెప్పులు కూడా వేసుకోకుండా అటు పరిగెత్తుతోంది.

అప్పుడైనా ఆయన దిగి పోతాడనుకున్నాను. కుక్కర్‌ను కింద పెట్టి మైకు అందుకున్నాడు.

"ప్రభాకర్ గారూ, శాన సంతోషం. మీరు గెలిచినారు గాబట్టి ఒక మాట. ఆ ఏడో నంబరు బస్సు..."

ఎవరో పాటల డబ్బా పెద్దగా పెట్టారు. ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి, మాట వినిపించలేదు. కొంతసేపటికి అర్థమై, మైకును స్టాండుకు జాగ్రత్తగా తగిలించి, శాలువా మడిచి చంకలో పెట్టుకుని గేటు వైపు నడిచాడు. కుక్కర్ అక్కడే ఉండిపోయింది. వంటవాళ్లు తీసుకెళ్లారు.

అక్కడితో ఆగి ఉంటే నేను ఇది రాసేవాడిని కాదేమో.

పది రోజుల తర్వాత మా సౌదీ మేనేజర్ అబూ తుర్కీ నన్ను పిలిచాడు. బల్ల మీద కరపత్రం, ఆయన ఫోన్‌లో హాలులో తీసిన వీడియో. ఓడిన కోపంలో ఫారూఖ్ మనుషులు పంపారని తర్వాత తెలిసింది.

"ఇంతిఖాబాత్?" అన్నాడు. ఎన్నికలా అని. "నా కంపెనీ మనిషి ఇక్కడ రాజకీయాలు చేస్తున్నాడా? ఈ కాగితంలో ఏముందో అరబ్బీలో రాసివ్వు."

చెప్పవలసింది రెండు వాక్యాలు. ఇది స్కూలు తల్లిదండ్రుల కమిటీ, ప్రభుత్వ అనుమతితో జరిగే ఎన్నిక. మన మేనేజర్ ప్రభాకర్ కూడా ఇందులోనే గెలిచాడు. ఆ రెండు వాక్యాలతో అయిపోయేది. కానీ ప్రభాకర్ పేరు ఎత్తితే ప్రభాకర్ ఊరుకోడు. కరపత్రం ఎవరు రాశారని అడిగితే నా పేరు వస్తుంది. మా చిన్నవాడు ఆ వారమే ఎల్‌కేజీలో చేరాడు.

నేను తర్జుమా చేశాను. ఒక్క తప్పు లేకుండా చేశాను. "రెండుసార్లు రాష్ట్ర శాసనసభకు పోటీ చేసిన అనుభవశాలి." అరబ్బీలో అది ఇంకా పెద్ద మాటగా కనబడింది. కింద నియమం ప్రకారం తర్జుమా చేసినవాడి పేరు రాసి సంతకం పెట్టాను.

వలీ అన్న ఇకామా గడువు ఆ నెలాఖరుతో అయిపోతోంది. కంపెనీ దాన్ని రెన్యూ చేయలేదు. ఇక దేశం విడిచి వెళ్లిపొమ్మని ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు. సల్మాకు చదువు మధ్యలో టీసీ తీసుకున్నారు. ఆ టీసీ త్వరగా ఇప్పించింది ప్రభాకర్. "మనవాడికి ఆమాత్రం చేయకపోతే ఎలా?" అన్నాడు.

వెళ్లే రోజు ఉదయం వలీ అన్న ఫోన్ చేసి ఎయిర్‌పోర్టుకు దిగబెడతావా అని అడిగాడు. నా బండి పెద్దది. దారి పొడుగునా ఆయన ముందు సీట్లో కూర్చుని కొత్త సూపర్‌వైజర్‌కు చెప్పవలసినవి చెప్పాడు. ఏ మిద్దె మీద ఏ చిల్లర్ మొరాయిస్తుంది, దేనికి ఏ బెల్టు. నేను "సరే అన్నా" అంటూ పోయాను. సల్మా వెనక సీట్లో కిటికీకి ఆనుకుని కూర్చుంది. నేను అద్దంలో చూసిన ప్రతిసారీ ఆ పిల్ల నన్నే చూస్తోంది.

డిపార్చర్ ముందు ఆపాను. వలీ అన్న ట్రాలీ కోసం వెళ్లాడు. నేను డిక్కీ తెరిచి ఒక అట్టపెట్టె అందుకోబోతే సల్మా నా చేతికింద నుంచి లాక్కుంది. తన బరువుకు మించిన పెట్టెలు ఒక్కొక్కటే దించి పక్కన పేర్చింది. నన్ను తాకనివ్వలేదు.

సాబేరా వదిన నా దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు.

"నోటీసు మీద సంతకం పెట్టించుకునేప్పుడు ఆ అరబ్బీ కాగితం ఆయనకి చూపించినారు. కింద ఎవురి సంతకం ఉందో చూసినాడు. నీకు తెలియనీయొద్దన్నాడు, నేను చెప్తాండా."

"మరి... నాకెందుకు ఫోన్ చేశాడు వదినా?"

"ఏడు పెట్టెలు. ట్యాక్సీలో పట్టవు. పెద్ద బండి ఉండేది నీకే."

ఇంతలో వలీ అన్న ట్రాలీ తోసుకుంటూ వచ్చాడు. పెట్టెలు సర్దాడు, తాడు బిగించాడు. నా వైపు తిరిగి చేయి చాచలేదు, కౌగిలించుకోలేదు. "బండి ఈడ ఎక్కువసేపు నిలపొద్దు, ఫైన్ వేస్తారు," అని చెప్పి తలుపు వైపు తోసుకెళ్లాడు. ముగ్గురిలో ఎవరూ వెనక్కి చూడలేదు.

ఆ రోజు శుక్రవారం. నేను నేరుగా అజీజియాకు వెళ్లాను. చెప్పులు విప్పుతుంటే ప్రభాకర్ లోపలి నుంచి అడిగాడు.

"ఏం ఫయాజ్, ఎమ్మెల్యేని సాగనంపావా?"

"ఆఁ, సాగనంపాను," అన్నాను.

"ఊళ్లో మళ్లీ నామినేషన్ వేస్తాడు చూడండి," అన్నారెవరో. అందరూ నవ్వారు. జరిగి చోటిచ్చారు. విస్తరి ముందుకు జరుపుకుని, నేనూ నవ్వాను.